నా కడుపు కోసం అక్క మానేసిన ఓళిగలు

మదనపల్లె నుంచి కుప్పం పోయే రోడ్డు పక్కన నేను చాటుకు పరుగెత్తని కంపచెట్టు ఒక్కటి కూడా లేదు. ఎవరైనా కొత్తవాళ్లు కలిస్తే ముందు ఈ మాటే చెబుతాను. వాళ్లు నవ్వుతారు, నాకు హుషారు వస్తుంది. నిజానికి నేను పరుగెత్తిన చోట్లు మహా అయితే అయిదారు. వాటిలో కొన్నిచోట్ల చెట్టే లేదు, కల్వర్టు గోడ మాత్రమే ఉండేది.

ఆ దారిలో నేను బస్సు కండక్టర్ని. మదనపల్లెలో ఎక్కితే పుంగనూరు, పలమనేరు, వీకోట మీదుగా కుప్పం. నాతో ఎక్కువ కాలం పనిచేసిన డ్రైవరు మంచి గడుసువాడు. పుంగనూరు దాటి పెద్దపంజాణి వైపు వచ్చేసరికి అద్దంలో నా ముఖం చూసేవాడు. నేను పొట్ట పట్టుకుని కడ్డీకి ఆనుకుని ఉంటే గట్టిగా అరిచేవాడు.

"ఏమప్పా, టైరు సూడల్లా?"

మా ఇద్దరి మధ్య టైరు అంటే అదీ అర్థం. బస్సు ఆగేది, నేను నీళ్ల బాటిలుతో దిగేవాణ్ణి. టైరు చూడ్డానికి నీళ్లెందుకని చాలాకాలం ఎవరూ అడగలేదు. రోజూ కోళ్ల గంపతో ఎక్కే ఒక ముసలమ్మ మాత్రం ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"ఏమప్పా, ఈ బస్సుకు ఎప్పుడూ ఆ ఒక్క టైరేనా సెడిపోయేది?"

"టైరు బాగానే ఉండాది లేమ్మా, ట్యూబే లీకు," అన్నాడు డ్రైవరు.

బస్సు బస్సంతా నవ్వింది. తిరిగొచ్చిన నేను కూడా నవ్వాను. నా కడుపు అందరికీ నవ్వులాటే. కుప్పంలో ఉన్న మా అక్కకు మాత్రం కాదు.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. పెళ్లయి కుప్పం పోయినా నా కడుపు మీద కన్ను తియ్యలేదు. బస్సు కుప్పం చేరి తిరుగు ప్రయాణానికి టైముంటే ఆమె ఇంటికి పోయి ముఖం కడుక్కునేవాణ్ణి. ఒకసారి ఆమె వాకిట్లోనే కళ్లు తిరిగి కూలబడ్డాను. ఆ రోజు దేవుని పటం ముందర నిలబడి ఆమె గట్టిగా అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ఏడుకొండలోడా, నా తమ్ముని కడుపు నిమ్మళమయ్యేదాకా నేను ఓళిగ నోట పెట్టను."

కొందరు బొబ్బట్లు అంటారు, మాకు ఓళిగలే. మా అక్కకు ప్రపంచంలో అంతకు మించిన తిండి లేదు. ఉగాదినాడు బుట్టెడు తినేదని నేను చెబుతుంటాను. బుట్ట అబద్ధం. కానీ పెనం మీద నుంచి తీసింది తీసినట్టు, వేళ్లు కాలుతున్నా, నెయ్యి మోచేతి దాకా కారుతున్నా నిలబడే తినేది. అది నిజం. అలాంటి మనిషి నా మూలంగా ఓళిగ మానేసింది. ప్రతి ఉగాదికీ పక్కవాళ్లకు చేసిపెట్టి, తాను పులిహోర తిని కూర్చునేది. నా కడుపు బాగైతే తప్ప ఆమె నోటికి ఓళిగ లేదు.

సరే, కడుపు బాగుచేసుకోవాలని నేను పూనుకున్నాను. అక్కడే అసలు తమాషా జరిగింది.

మాది పుంగనూరు పక్కన ఒక మెట్ట పల్లె. ఆవులు, గొర్రెలు, వేరుశనగ చేను. ఇంట్లో రోజూ రాగిసంగటే. సంగటి ముద్ద, దాంట్లోకి ఊరిబిండి అని మేం పిలిచే వేరుశనగ పచ్చడి. ఆ ముద్దను అమ్మ తడిచేత్తో తిప్పి తిప్పి గుండ్రంగా చేసి పళ్లెంలో వేస్తే దొర్లేది. గోధుమపిండి ఇంట్లోకి వచ్చేది శనివారాలకే. అమ్మ శనివారం ఒక్కపొద్దు ఉండేది. ఒక్కపొద్దంటే పగలు ఒకపూట భోంచేసి, రాత్రికి అన్నం, సంగటి ముట్టకుండా పలారం తినడం. పలారమంటే చపాతీలు, లేకుంటే ఉప్మా. పొయ్యి మీద చపాతీ కాలే వాసన వస్తే మాకు ఇల్లంతా గుడి అయినట్టుండేది. అమ్మ తనకు చేసుకున్న దాంట్లో సగం తుంచి మా నోట్లో పెట్టేది. సంగటి ఆకలికి, చపాతీ దేవుడికి అని నా మనసులో అప్పుడే పడిపోయింది.

అందుకే కడుపు చెడిపోయిన కొద్దీ నేను దేవుణ్ణి పట్టుకున్నాను. శనివారం ఒక్కపొద్దు మొదలుపెట్టాను. ఆదివారం తెల్లారేసరికి పొట్ట డోలులా ఉబ్బేది. దేవుడికి ఏదో లోటు చేశాననుకుని సోమవారం కూడా కలిపాను. మంగళవారం విరేచనాలు. ఎవరో చెబితే గురువారం కూడా పట్టాను. వారంలో నేను నిటారుగా నిలబడే రోజే లేకుండా పోయింది. ఉపవాసాలతో నేను శివుణ్ణే కదిలించానని డ్రైవరు దగ్గర గొప్పలు చెప్పుకునేవాణ్ణి. కదిలింది నా పేగులే.

దానికి తోడు మా వైపు పథ్యం ఒకటుంది. కడుపు బాగాలేదంటే చాలు, పాలల్లో బ్రెడ్డు, టీలో బన్ను, రస్కు. బస్టాండులో టీకొట్టు ఆయన నన్ను చూడగానే "పాపం, నీకు కడుపు గదప్పా" అని జాలిపడి ఇంకో బన్ను చేతిలో పెట్టేవాడు. మనుషులంతా మంచివాళ్లే. అందరూ కలిసి ప్రేమగా నాకు సరిపడనిదే తినిపించారు.

రిటైరయ్యాక నెత్తురు తగ్గి మనిషి పాలిపోయాడని నా భార్య పట్టుబట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. రక్తం తీశారు. నోట్లోంచి గొట్టం వేసి లోపలంతా చూశారు. అప్పుడు నేను సింహంలా పడుకున్నానని మనవళ్లకు చెప్పాను. ఆ మాట వినగానే నా భార్య వంటింట్లోంచి, "సింహమంట! నర్సమ్మ సెయ్యి పట్టుకుని వదల్లేదు. 'తాతా, సెయ్యి ఇరిగిపోతాది, ఇడువు' అని ఆ పాప మొత్తుకునింది," అని పరువు తీసింది. అదీ నిజమే.

డాక్టరమ్మ చిన్నపిల్ల. కాగితాలు చూసి, "గోధుమల్లో ఉండే జిగురు మీ పేగులకు సరిపడదు. దాన్ని గ్లూటెన్ అంటారు. చపాతీ, పూరీ, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా, బ్రెడ్డు, బిస్కెట్టు ఏవీ ముట్టకూడదు," అంది.

"అమ్మా, నేను అన్నమే తినేది. ఒక్కపొద్దునాడు మాత్రం చపాతీ," అన్నాను.

"ఒక్కపొద్దు ఎన్నాళ్లకొకసారి?"

"వారానికి మూడు దినాలు."

ఆమె పెన్ను కింద పెట్టింది. నా భార్య నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇది మందులతో నయమయ్యేది కాదు తాతా. ముట్టకుండా ఉంటే బాగుంటారు. ముట్టారా, మళ్లీ మొదటికే."

ఆ రోజు నుంచి మా ఇంట్లోకి మళ్లీ సంగటి వచ్చింది. చిన్నప్పుడు లేక తిన్నది, ఇప్పుడు మందుగా తింటున్నాను. మొదటిరోజు ముద్ద తుంచి పులుసులో అద్దుకుంటుంటే అమ్మ తడిచెయ్యి గుర్తొచ్చింది. ఏడ్చానని చెప్పను, పులుసులో కారం ఎక్కువైంది.

అయినా కడుపు పూర్తిగా మాట వినలేదు. కొన్నాళ్లు బాగుండేది, ఉన్నట్టుండి తిరగబడేది. తిరగబడ్డప్పుడల్లా నా భార్య ఇంగువ వేసి మజ్జిగ ఇచ్చేది. అది తాగితే ఇంకా ఉబ్బేది. ఒక మధ్యాహ్నం ఆమెకు ఏం తోచిందో, ఇంగువ డబ్బా తెచ్చి నా చేతికిచ్చింది.

"ఇదో, అద్దాలు పెట్టుకో. దీని మీద ఏమేమి రాసుండాదో సదువు."

చీమల్లాంటి అక్షరాలు. అందులో గోధుమపిండి అని ఉంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. "నీకు మందని ఇస్తాంటి గదయ్యా," అంది ఆమె. ఇప్పుడు ఏ డబ్బా కొన్నా ముందు నాతో చదివించి గానీ మూత తియ్యదు. ఇంత చేసినా పాలు ఎక్కువైతే పడదు, పెళ్లిళ్లలో ఏ సాంబారులో ఏం కలిపారో తెలియదు. పూర్తిగా నయమైందని చెప్పే రోజు నాకు రాదని అప్పటికి తెలిసిపోయింది.

అది అక్కకు ఎలా చెప్పేది? నయం కాదంటే ఆమె ఓళిగ ఇక ఎప్పటికీ తినదు. ఆమెకు పళ్లు పోయాయి, మోకాళ్లు పోయాయి. పోయిన ఉగాదికి నేనూ నా భార్యా కుప్పం బస్సెక్కాం. దారిలో నేనొక నిర్ణయానికి వచ్చాను. జన్మంతా ఇంతను అంతగా చెప్పినవాణ్ణి, ఈ ఒక్క అబద్ధం నాకెంత?

మేం పోయేసరికి అక్క కోడలు పెనం ముందు ఉంది. ఇల్లంతా బెల్లం, యాలకుల వాసన. అక్క గోడకానుకుని నేలమీద కూర్చుని ఉంది.

"కడుపు ఎట్లుండాదిరా?" అంది కూర్చోకముందే.

"నయమైపోయిందక్కా. రాళ్లు తిన్నా అరిగిపోతాండాయి."

"ఆమా?" అంది. తమిళనాడు సరిహద్దున కుప్పంలో ఉండి ఉండి ఆమెకు అవును అనడం పోయి అరవవాళ్ల ఆమా వచ్చింది. "అట్లయితే నువ్వు ఈడ కూసో. కోడలా, రెండు ఓళిగలు తే. వానికొకటి, నాకొకటి. వాడు తింటే నేనూ తింటా."

పళ్లెం వచ్చింది. నెయ్యి ఇంకా పొంగుతోంది. నేను ఒక ముక్క తుంచాను. నా భార్య నా వైపే చూస్తోంది. ముక్క నోటి దాకా పోయింది, మళ్లీ పళ్లెంలోకి వచ్చింది.

"కాలేదక్కా. అబద్ధం చెప్పినా," అన్నాను. గోధుమ సంగతి, మైదా సంగతి, ఒక్కపొద్దుల సంగతి అన్నీ చెప్పాను. "ఇది నయమయ్యేది కాదంట. తినకుంటే బాగుంటానంట."

అక్క పళ్లెంలోని ఓళిగల వైపు చూసింది. "అయితే ఇన్నేండ్లూ ఈడికొచ్చినప్పుడంతా నీకు పలారమని నేను పెట్టిందీ అదేనా?"

"ఎవరికి తెలుసక్కా?"

"అమ్మ నోట్లో పెట్టిందీ అదే," అంది తనలో తాను. తర్వాత తలెత్తి నన్ను సూటిగా చూసింది. "ఒరేయ్, నేను దేవుని ముందర ఏమని మొక్కుకుంటిని? నయం కావల్లనా?"

"నిమ్మళం కావాలని."

"ఆమా. నయం ఆ డాక్టరమ్మ మాట. నా మాట నిమ్మళం. ఇప్పుడు సెప్పు. పెంచి సెప్పినావంటే పండ్లు రాలగొడతా. నిమ్మళంగా ఉండావా, లేదా?"

నా జన్మలో అంత జాగ్రత్తగా నేనెప్పుడూ మాట్లాడలేదు. "సంగటి తిని ఇంటి పట్టున ఉన్న నాడు నిమ్మళం. పెండ్లికి పోయిన నాడు లేదు. మొన్న రెండు కప్పులు పాయసం తాగి రాత్రంతా తిప్పలు పడితిని."

"ఏ దినాలు ఎక్కువ?"

నేను నా భార్య వైపు చూశాను. "నిమ్మళంగా ఉండేటివే ఎక్కువ వదినా," అంది ఆమె.

"సాలు," అంది అక్క. "దేవుడు నాతో కొలతలు పెట్టుకోలేదు."

పళ్లెం తనవైపు లాక్కుంది. ఒక ఓళిగను సగానికి చించి, అలవాటు కొద్దీ ఆ సగాన్ని నా నోటి దాకా తెచ్చింది. చెయ్యి గాల్లోనే ఆగింది. "సీ, మరిసిపోయినా," అని వెనక్కి తీసుకుని తన నోట్లోనే పెట్టుకుంది. పళ్లు లేవు గదా, కళ్లు మూసుకుని చిగుళ్లతో మెల్లగా నమిలింది. మేమంతా ఆమె ముఖమే చూస్తున్నాం.

కళ్లు తెరిచి కోడలితో, "బెల్లం తగ్గించినావు గదే," అంది.

"సుగర్ ఉండాది గదత్తా నీకు!"

"సుగర్ ఉండేది నాకు, ఓళిగకు కాదు," అని నా వంతు ఓళిగ కూడా చేతిలోకి తీసుకుంది. నేను ఎదురుగా కూర్చుని కళ్లార్పకుండా చూస్తుంటే విసుక్కుంది.

"అట్ల సూడొద్దురా, దిష్టి తగుల్తాది. తర్వాత నా కడుపు కోసం నువ్వు మొక్కుకోవాల్సొస్తాది."

నేను వాకిలి వైపు తిరిగి కూర్చున్నాను. నా వెనక ఆమె వేళ్లకంటిన నెయ్యి చప్పరించే చప్పుడు వినిపిస్తూ ఉంది.