దేవమ్మ వియ్యంకులు

దేవమ్మ ఎవరి చేతిలోనైనా పుదీనా కాడ పెట్టిందంటే, ఆ ఇంటికి పిల్లనిచ్చినట్టే లెక్క. పుచ్చుకున్నవాడు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆమెకు వియ్యంకుడు. ఆమె కడుపున పిల్లలు పుట్టలేదు. వియ్యంకులు మాత్రం తాండూరు స్టేషన్ నుంచి ధాన్యం అమ్మే గంజు దాకా ఉన్నారు.

కందిపప్పు వ్యాపారి విశ్వేశ్వర్ ఆ వరసలో చేరింది 1958లో. అతని భార్య చనిపోయిన ఏడు అది. పగలంతా దుకాణంలో తక్కెడ చప్పుడుతో గడిచిపోయేది. పొద్దుగూకి ఇంటికి వెళ్లి తాళం తీస్తే, ఆ తాళం చప్పుడు తర్వాత తెల్లారేదాకా ఆ ఇంట్లో ఇంకో చప్పుడు ఉండేది కాదు.

ఒకనాడు పప్పు కొనడానికి వచ్చిన దేవమ్మ, తడిగుడ్డలో చుట్టిన పుదీనా వేరుకాడలు అతని గల్లాపెట్టె మీద పెట్టింది.

“సేటూ, నా బిడ్డను నీకిస్తున్న. జర పైలం.”

“నాకెందుకక్కా? నేను వండుకునేదే లేదు.”

“లగ్గం ఖర్చేం లేదు తియ్యి. పగిలిన కుండ, పిడికెడు మన్ను సాలు.”

విశ్వేశ్వర్ వాటిని ఇంటి గుమ్మం పక్కన కుండలో నాటాడు. వారం తిరక్కముందే తనిఖీ మొదలైంది.

“ఏం ఇయ్యంకుడా! నా బిడ్డ మొకం గట్ల వాడిందేంది?” అని దుకాణం ముందు నిలబడి గంజు గంజంతా వినేలా కేకేసింది. హమాలీలు బస్తాలు దించి మరీ చూశారు.

“మెల్లగ అక్కా, అందరు ఇంటున్నరు.”

“ఇననీ! లేత పిల్లను నడిపొద్దు ఎండల నిలబెడ్తవా?”

పొద్దుటి ఎండ చాలనీ, కుండలో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుందనీ చెప్పింది. కొన్నాళ్లకు ఊదారంగు పూత వచ్చి విశ్వేశ్వర్ మురిసిపోతుంటే, ఆమె వచ్చి చటుక్కున తుంచిపారేసింది.

“అయ్యో, పూలక్కా!”

“పూతకొస్తె ఆకు చిన్నగైతది. నీకు పచ్చడా, పూలదండా?”

అంతటితో పోయేది కాదు. వంటింట్లోకి తొంగిచూసి పొయ్యి మీద చెయ్యి పెట్టేది. చల్లగా తగిలిందా, యుద్ధమే.

“నా బిడ్డను ఇచ్చిన ఇంట్ల పొయ్యి ఎలగకపోతె నాకు ఇజ్జత్ ఉంటదా?”

ఆ నోటికి జడిసి విశ్వేశ్వర్ అన్నం వండుకోవడం నేర్చుకున్నాడు, పుదీనా పచ్చడి నూరాడు. మొదటిసారి రుచిచూసిన దేవమ్మ కళ్లనిండా నీళ్లు. ఆనందం కాదు, మిరపకాయలు.

ఆ వానకాలం ముసురుపట్టి కుండలో నీళ్లు నిలిచాయి. పుదీనా కుళ్లిపోయింది. విశ్వేశ్వర్ జ్వరంతో మంచం దిగలేదు. దుకాణం మూసి ఉండటం చూసి ఇంటికి వచ్చిన దేవమ్మ అడుగుల చప్పుడుకు అతనికి ఇంకాస్త చలి పుట్టింది.

“అక్కా, తిట్టకు. నీ బిడ్డ కుళ్లిపోయింది.”

ఆమె కుండ వైపు చూడనైనా లేదు. నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

“పోతె పోయింది తియ్యి. మా పెరట్ల మస్తున్నది.”

పొయ్యి ముట్టించి జొన్నజావ కాచి తెచ్చింది. విశ్వేశ్వర్ తెల్లబోయాడు.

“మరి ఇన్నొద్దులు దాని కోసం నా పానం తీసినవు గదా?”

“అన్నం తిన్నవా అని ఉత్తగ అడిగితె నిజం జెప్తువా? తిన్ననక్కా అంటువు. ఒక్క మనిషున్న ఇంట్ల అందరు గదే చెప్తరు. మా ఆయన పోయినంక ఏండ్లకేండ్లు నేను గూడ గట్లనే చెప్పిన.”

విశ్వేశ్వర్‌కు అప్పుడు తట్టింది. స్టేషన్ దగ్గర బిచ్చయ్య, చూపు ఆనని మొగులమ్మ... దేవమ్మ పిల్లనిచ్చిన ఇళ్లన్నీ ఒంటి మనుషుల ఇళ్లే. జావ గిన్నె అలాగే పట్టుకుని అడిగాడు.

“మరి నువ్వు తిన్నవా అక్కా?”

“ఆఁ, తిన్న” అంది దేవమ్మ వెంటనే.

విశ్వేశ్వర్ దుప్పటి పక్కకు నెట్టి, గోడ పట్టుకుంటూ వెళ్లి ఇంకో గిన్నె తెచ్చాడు. తన జావలో సగం పోసి ఆమె ముందు పెట్టాడు. తిట్టడానికి నోరు తెరిచిన దేవమ్మ, ఏమనుకుందో, చీర కుచ్చెళ్లు సర్దుకుని కింద కూచుంది. ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

“థూ, ఉప్పే లేదు! ఎవరు కాచిన్రు దీన్ని?”