నూకరాజు తాత పాడని సగం

ఈ పోస్ట్ ఈరోజే రాయాలి. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. నేను రాయకపోతే ఎవరూ రాయరు.

నిన్న పొద్దున్న గాజువాక బస్సులో ఉండగా అమ్మ ఫోన్.
"తాత ఎల్లిపోనాడే."
అంతే. ఎక్కడ దిగాలో మర్చిపోయాను.

నూకరాజు తాత అంటే మా సొంత తాతకి తమ్ముడు. సముద్రంలో వేట, ఒడ్డున జముకు వాయించి కథలు పాడటం, ఆయనకి తెలిసినవి ఈ రెండే.

డెబ్బై ఒకటిలో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగినప్పుడు, విమానాల భయంతో వైజాగ్ అంతా లైట్లు ఆర్పేసినప్పుడు ఆయన కుర్రాడు. ఆ చీకటి మీద తన స్నేహితుడు పైడయ్య తాతతో కలిసి పాటలు కట్టాడు. నూకరాజు తాత సగం పాడి ఆపేవాడు. మిగతా సగం వంత పాడే పైడయ్య తాతది.

చుట్ట పాట మా పేటలో అందరికీ తెలుసు.
పోలీసు వస్తాడు. "చుట్ట ఆర్పవే ముసిల్దానా, పైనుంచి ఇమానమోడు సూత్తాడు!" ఇది నూకరాజు తాత వంతు.
పైడయ్య తాత ముసలమ్మలా చుట్ట నిప్పువైపు నోట్లోకి తిప్పేసి, "ఇప్పుడు సూడమను! నా నోట్లోకి దూరతాడేటిరా ఆడు?"
ముందు వరసలో అచ్చం అలాగే అడ్డపొగ తాగే మామ్మలే ఎక్కువ నవ్వేవాళ్లు.

కోవిడ్‌లో పైడయ్య తాత పోయాడు.

తర్వాత సీతమ్మధారలో ఒక అపార్ట్‌మెంట్ ఫంక్షన్‌కి తాతని తీసుకెళ్లాను.
సగం పాడి ఆపాడు. జముకు మాత్రం మోగుతూనే ఉంది.
పాట మర్చిపోయాడనుకుని ఒకాయన వాటర్ బాటిల్ అందించాడు. మిగతావాళ్లు జాలిపడి చప్పట్లు కొట్టారు.
"మర్సిపోనేదు బాబూ. ఇది మా పైడిగాడి వంతు."

కిందకి దిగాక కోప్పడ్డాను. అదీ నువ్వే పాడెయ్, రికార్డ్ చేస్తానన్నాను.
"ఆడి నోటికాడిది నాను లాక్కుంతానేటే?"
ఎప్పుడు అడిగినా ఇదే మాట.

ఈరోజు నా ఫోన్‌లో రికార్డింగులన్నీ విన్నాను. అన్నీ సగాలే.

ఒక పాటలో, దీపం పెట్టొద్దన్నారని చీకట్లోనే వేటకెళ్లిన తెప్ప తిరిగి రాదు. తాత అడుగుతాడు, "తెప్పలో ఎవులున్నారు తమ్ముడా?"

తర్వాత జముకు ఒక్కటే.

అక్కడ పైడయ్య తాత, ఆ తెప్పలో నిజంగా పోయినవాళ్ల పేర్లు చెప్పేవాడు. వాళ్ల శవాలు దొరకలేదు. సమాధులు లేవు. ఆ పేర్లు ఉన్నది ఆ పాటలోనే.

నిన్న తాతని మట్టి చేసి వచ్చిన పెద్దవాళ్లందరినీ ఈరోజు అడిగాను.
"ఎవులో మనోల్లేనే అమ్మా" అన్నారు. ఒక్క పేరూ రాలేదు.

ఇక దొరుకుతాయని నాకు నమ్మకం లేదు.

వెళ్లిరా తాతా. అక్కడైనా నీ పక్కన వంత ఉండాలి. నీ మనసు నెమ్మదించాలి.

పై ఆదివారం పెద్దకర్మ. ఫోటో ముందు ఆ పాట పెడతాం. తాత అడిగిన చోట చెప్పడానికి ఒక్క పేరైనా కావాలి. మీ ఇంట్లో ముసలివాళ్లుంటే దయచేసి అడగండి. శనివారం సాయంత్రంలోపు కామెంట్‌లో రాయండి.