కొండెక్కే కొత్త మనిషి

నేను కాటాలు బాగుచేసే మనిషిని. మా ఇల్లు హిందూపురంలో. వారంలో సగం రోజులు మాత్రం పెనుకొండ, ధర్మవరం బస్సుల్లోనే గడిచిపోతాయి. పట్టుగూళ్ల మార్కెట్లో గానీ, ధర్మవరం సిల్కు దారం అంగళ్లలో గానీ, పెనుకొండ ఎరువుల షాపుల్లో గానీ ఎలక్ట్రానిక్ కాటా మొండికేసిందంటే నాకు ఫోనొస్తుంది. సంచి భుజాన వేసుకుని బయలుదేరతాను.

ఇట్లా తిరిగేవాడి తిండికి ఒక పద్ధతంటూ ఉండదు. ధర్మవరంలో దిగగానే బొరుగుల ఉగ్గాని, బజ్జీ. మధ్యాహ్నం మెస్సులో కుప్పపోసిన తెల్లన్నం. ఏ అంగట్లో కూర్చున్నా పాకంలాంటి టీ. ఒకరోజు మార్కెట్లో బస్తాలు తూచే పెద్ద కాటాను సరిచేశాక, పనిచేస్తోందో లేదో చూద్దామని నేనే దాని మీద నిలబడ్డాను. అంకె చూసి కాటా ఇంకా బాగుపడలేదనుకున్నాను. దిగి, తూకం రాళ్లు పెట్టి చూశాను. కాటా సరిగానే ఉంది.

డాక్టరు పరీక్షలు రాసి, షుగరు అంచులో ఉందన్నాడు. "మాత్రలు ఇప్పుడే వద్దు. నడవండి. తినేది తగ్గించండి" అన్నాడు. మా ఇంటామె మెంతులు వేయించి పొడి కొట్టి ఒక ప్యాకెట్లో కట్టింది. దాంతోపాటు నాలుగు నిమ్మకాయలు సంచిలో పెట్టింది. పొద్దున్నే నీళ్లలో కలుపుకుని తాగమని ఆమె ఆజ్ఞ.

మొదటి చిక్కు ధర్మవరంలోనే వచ్చింది. దారం అంగడి యజమాని ఎప్పటిలాగే టీ తెప్పిస్తే వద్దన్నాను. ఆయన ముఖం మారిపోయింది.

"ఏమప్పా, ఇన్నేండ్లు తాగి ఈ పొద్దు వద్దంటాండావు? కాటాలో ఏమన్నా తిప్పినావా?"

"షుగరన్నా" అన్నాను. ఆయన నవ్వాడు గానీ, నేను సంచి సర్దుకుంటుంటే తన దగ్గరున్న రాయి తీసి కాటా మీద పెట్టి చూసుకున్నాడు. బజారులో ఇచ్చిన టీ వద్దనేవాడి మీద ఎవరికైనా ఒక కన్ను పడుతుందని అప్పుడే తెలిసింది.

ఆ రోజుల్లో పెనుకొండలో పని ఎక్కువగా ఉండేది. బస్టాండు దగ్గర లాడ్జిలో వారానికి రెండు రాత్రులు ఉండేవాణ్ణి. తెల్లవారుజామున గదిలోనే నమాజు చేసుకుని కొండ వైపు నడిచేవాణ్ణి. పాత కోటగోడ పక్కనుంచి దారి పైకి పోతుంది. గది గడియ వదులుగా ఉండేది. లాడ్జి మేనేజరు మీద నాకు నమ్మకం లేదు. అందుకే పనిముట్ల సంచి కూడా మోసుకునే కొండెక్కేవాణ్ణి. బరువుతో నడిస్తే ఇంకా మంచిదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మేనేజరుకు నా మీద కూడా నమ్మకం లేదని తర్వాత అర్థమైంది.

"రోజూ కొండ మీద ఏం పనన్నా?" అని అడిగాడొకసారి.

"నడక."

"నడకకైతే కింద గ్రౌండు ఉండాది గదా" అన్నాడు, నా ముఖం కాకుండా సంచిని చూస్తూ.

గ్రౌండులో కుక్కలు వెంటపడుతున్నాయని చెప్పాను. నిజమే చెప్పినా అబద్ధం చెప్పినట్టే వినిపించింది.

కొండ మీద ఒక గొర్రెల కాపరి ఉండేవాడు. అరవై దాటినవాడు, భుజాన గొంగళి. మొదట్లో ఆయన్ని పట్టించుకోలేదు. కొన్నాళ్లకు గమనించాను, నేను పైకి కదిలితే ఆయనా కదులుతాడు. నేను ఆయాసంతో నిలబడితే ఆయనా ఏదో బండ దగ్గర నిలబడతాడు. చటుక్కున వెనక్కి తిరిగితే గొర్రెల వైపు చూస్తాడు. దారి మార్చి చూశాను. అక్కడా ఆ గొంగళే కనిపించింది. ఫోను లోపలి జేబులోకి మార్చాను. నా సంచిలోని పనిముట్లు ఎవరికో చెప్పి కొట్టేయిస్తాడేమోనని అనుమానం. నడకతో కొట్టుకోవలసిన గుండె భయంతో కొట్టుకునేది.

ఒక బుధవారం పొద్దున కూలిన మంటపం దగ్గరికి చేరేసరికి ఆయన, ఇంకో ముగ్గురు మగవాళ్లు దారికి అడ్డంగా నిలబడి ఉన్నారు.

"ఏమప్పా, యాడికి పోతాండావు?" ముగ్గురిలో పొడుగాటివాడు అడిగాడు.

"నడవడానికి."

"నడిచేటోనికి సంచెందుకు? ఇప్పు."

సంచి విప్పాను. స్క్రూడ్రైవర్లు, చిన్న సుత్తి, మెరిసే స్టీలు తూకం రాళ్లు, చేతుల వ్యాయామానికి కొన్న రబ్బరు పట్టీ, నిమ్మకాయలు, పసుపురంగు పొడి ప్యాకెట్టు. ఒక్కొక్కటి బయటికి తీస్తుంటే నాకే ఏదోలా అనిపించింది.

"చూస్తిరా? నిమ్మకాయలు, పొడి, సుత్తి. గుంత తవ్వేటోళ్ల సామానే ఇది" అన్నాడు పొడుగాటివాడు.

కోట ఉన్నచోట నిధులుంటాయని నమ్మేవాళ్లు మా వైపు ఎక్కువ. ఎక్కడెక్కడినుంచో వచ్చి, పూజ చేసి, చీకట్లో తవ్వుకుని పోతారు. రాతి బొమ్మలు పగలగొడతారు. ఊరివాళ్లకు పోలీసులు, కేసులు మిగులుతాయి. ఈ కాపరి ఇన్నాళ్లూ నా వెంటపడింది దొంగతనానికి కాదు, కొండకు కాపలాగా.

"ఎవరు నువ్వు?" అన్నాడు కాపరి.

నా పేరు వింటే మాట ఎటు తిరుగుతుందోనని భయం. చివరికి చెప్పాను. ఆయన విసుక్కున్నాడు.

"పేరు కాదప్పా, ఏ ఊరు, ఎవరి తావుకొస్తాండావు అని అడుగుతాండా."

వాళ్లు నన్ను అనుమానించింది ఒకందుకు, నేను వాళ్లను అనుమానించింది ఇంకొకందుకు. హిందూపురమని, ఎరువుల షాపులో కాటాలు చూస్తానని చెప్పాను. ఒకడు ఆ షాపు యజమానికి ఫోను చేయబోతుంటే, కాపరి భార్య సంగటి మూట పట్టుకుని కుంటుతూ పైకొచ్చింది. విషయం విని, పొడి ప్యాకెట్టు తీసుకుని వాసన చూసింది. చిటికెడు నాలుక మీద వేసుకుంది.

"మెంతిపిండి గదరా ఇది! ఆస్పత్రిలో నాకు షుగరు అన్నప్పట్నుంచి నేను తాగేదీ ఇదే." నా వైపు తిరిగింది. "నీకెంత ఉండాది నాయనా?"

"అంచులో ఉందంటాండారమ్మా."

"అంచులో ఉన్నప్పుడే నడువు. మొదట్లో నన్ను నడవమంటే నడవలేదు. చూడు" అంటూ గుడ్డ చుట్టిన కాలివేలు చూపించింది. మగవాళ్లు నలుగురూ తలలు పక్కకు తిప్పుకున్నారు. ఈలోగా షాపు యజమాని ఫోనులో నా గురించి చెప్పాడు. సంచి సర్దుకొమ్మన్నారు. పొడుగాటివాడు మాత్రం తూకం రాయి ఒకటి చేతిలో తిప్పి తిప్పి చూసి గానీ ఇవ్వలేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. నెల తిరగకుండానే ఒక పొద్దున లాడ్జి మేనేజరు తలుపు తట్టాడు.

"కొండ మీద మంటపం ఎనక తవ్వినారంటన్నా. రాతిరి మీరు గదిలోనే ఉండారా?"

నేను గదిలోనే ఉన్నాను. సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరున్నారు? ఆ రోజు కొండకు పోలేదు. తర్వాతి వారమూ పోలేదు. గదిలో కూర్చుని ఆలోచిస్తుంటే అనుమానం కాపరి మీదికే పోయింది. కొండలో ఏ రాయి ఎక్కడుందో ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? అందరినీ వెంటాడేది వాళ్లను దూరం పెట్టడానికేనేమో. ఆ దిగులుతో మళ్లీ హోటలు పూరీలు మొదలయ్యాయి. టీలో చక్కెర కూడా వద్దనడం మానేశాను.

మూడోవారం సాయంత్రం ఆయనే లాడ్జికి వచ్చాడు. గొంగళి తీసి చేతిలో పట్టుకుని గడప బయటే నిలబడ్డాడు.

"ఏమప్పా, కొండకు రాలేదే?"

"తవ్వింది నేనే అనుకుంటారని."

"రాకపోతేనే అనుకుంటారు. అనుకుంటాండారు కూడా."

"నీకేమనిపిస్తాది?"

ఆయన తడుముకోలేదు. "నాకింగా తెలీదు. అందుకే రమ్మంటాండా. నువ్వు కండ్ల ముందర ఉంటే నాకు బాగుంటాది."

నాకు కోపం వచ్చింది. "నాకు నీ మీదే అనుమానంగా ఉండాదన్నా" అనేశాను.

ఆయన గొంగళి మళ్లీ భుజాన వేసుకున్నాడు. "ఉండనీ. పొద్దున్నే రా" అని వెళ్లిపోయాడు.

ఆ మరుసటి పొద్దున పోయాను. అప్పట్నుంచి పెనుకొండలో ఉన్న ఏ రోజూ మానడానికి వీల్లేకపోయింది. మోకాలు నొప్పి, తుంపర, బద్ధకం, ఏ సాకూ పనికిరాలేదు. ఒక్కరోజు ఆగితే ఎరువుల షాపులో కూడా "ఈ పొద్దు పైకి పోలేదంటనే?" అని అడిగేవాళ్లు. తెలిసినవాళ్ల ముందు సిగ్గుపడి నడిచేవాళ్లుంటారు. ఊరంతా నా మీద కన్నేసి ఉంచితే నేను నడిచాను. అలవాటు ఎంత ముదిరిందంటే ధర్మవరంలో కూడా బస్సు దిగి ఆటో ఎక్కకుండా నడవడం మొదలుపెట్టాను. బెల్టుకు కొత్త రంధ్రం పొడవాల్సి వచ్చింది. షుగరు అంచు దాటలేదు, వెనక్కి జరిగింది.

కాపరి భార్య వేలు అనంతపురం ఆస్పత్రిలో తీసేశారు. కట్టు మానాక ఆమె కూడా కర్ర పట్టుకుని కోటగోడ మొదటి మలుపు దాకా వస్తోంది. కాపరీ నేనూ దిగేదాకా అక్కడే కూర్చుంటుంది. నేను ఈ వారం ఏం తిన్నానో విడమరచి అడుగుతుంది. పూరీ అని చెబితే తిడుతుంది.

గుంత తవ్వినవాళ్లు దొరకలేదు. పోలీసులు ఒకసారి వచ్చి ఫోటోలు తీసుకుని పోయారు. వానలకు ఆ గుంత సగం పూడిపోయింది. దాని పక్కనుంచి పోయేటప్పుడు కాపరీ నేనూ ఇద్దరం మాట ఆపేస్తాం.

మొన్న దిగేటప్పుడు ఉండబట్టలేక అడిగాను.

"ఇప్పుడన్నా నమ్మినావా అన్నా?"

ఆయన పడమట మబ్బును చూశాడు. "వాన వచ్చేట్టుండాది. బండలు జారుతాయి, చూసుకోని దిగు" అన్నాడు.