చంకల్లో పట్టేసే పాట

మా శ్యాంసుందరన్నకు లోకంలో ఏ చప్పుడూ కొలతకు సరిపోదు. ఏ పాట వినిపించినా ఎక్కడో ఒకచోట బిగుతు అంటాడు. అమీర్‌పేటలో మేం నలభై అయిదు రోజుల్లో ఎంతటివాడికైనా ఏదో ఒక కోర్సు చెప్పి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపిస్తాం. ఈ మహానుభావుడు మాత్రం ఒక్క కార్ట్రిడ్జ్ ఎంచుకోవడానికి ఏడాదిన్నర తీసుకున్నాడు.

కార్ట్రిడ్జ్ అంటే ప్రింటర్లో ఇంకు పోసేది కాదు. రికార్డులు వాయించే టర్న్‌టేబుల్ చేతికి చివర ఉండే బొటనవేలంత డబ్బా. దానికుండే సూదే రికార్డు గీతల్లోంచి పాటను పైకి తీస్తుంది. డబ్బా మారితే పాట గొంతు కూడా మారుతుంది. కొన్ని పదునుగా పలుకుతాయి, కొన్ని మెత్తగా, వెచ్చగా. అన్నకు వెచ్చనిది కావాలి. ఎంత వెచ్చన అని అడిగితే మెడలో ఉన్న టేపు సవరించుకుంటాడు తప్ప చెప్పడు.

ఆయనది సిరిసిల్ల. మైత్రివనం వెనక సందులో టైలర్ షాపు. ఆ పై అంతస్తులో మా ఇన్‌స్టిట్యూట్. అక్కడ నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెబుతాను. బోర్డు మీద ఆ ముక్క రాయించుకోవడమే నా కొంప ముంచింది.

"ప్రమోద చెల్లె, నువ్వు టెస్టింగ్ మేడమే గదా. జర గిది టెస్ట్ చెయ్," అన్నాడు ఒక మధ్యాహ్నం.

"నేను చెప్పేది కంప్యూటర్ టెస్టింగ్ అన్నా."

"ఏదైతేంది. తప్పు దొరకవట్టుడే గదా."

అలా అప్పట్నుంచి నా లంచ్ టైమంతా ఆ షాపులో స్టూలు మీదే గడిచిపోయేది. కార్ట్రిడ్జ్ మారినా పరీక్ష ఎప్పుడూ ఒకటే. ఒకే రికార్డు, రెండో పాట, అందులో ఒకే పాదం, పదకొండు సెకన్లు. ఆ పదకొండు సెకన్లలో గాయని 'స' అక్షరాన్ని అయిదుసార్లు పలుకుతుంది. అయిదోది కాగానే అన్న సూది ఎత్తేస్తాడు. తరువాత ఏముందో నాకు తెలియదు.

"ఎట్లుంది?"

"బాగుందన్నా."

"బాగుండుడు గాదు. చెవుల గుచ్చిందా?"

"మూడో చోట కొంచెం."

"నేనన్లే? సంకల్ల పట్టేసింది," అని ఆ కార్ట్రిడ్జ్ అట్టపెట్టె మీద సుద్దతో ఇంటూ గుర్తు వేసేవాడు.

ఆ మాట పాటలకే పరిమితమైతే భరించేదాన్నే. బస్సు హారను చంకల్లో పట్టేసింది. వీధి మైకులో ఉపన్యాసం చంకల్లో పట్టేసింది. చివరికి నా వంతు వచ్చింది. "నీ క్లాసు కిందికి వినవడ్తది చెల్లె. విషయం మంచిగనే ఉంటది, గొంతే జర సంకల్ల పట్టేస్తది," అన్నాడు. ఆయన నాకు కుట్టిన నీలం బ్లేజర్ మాత్రం, బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే నిజంగానే చంకల్లో పట్టేసేది. ఆ సంగతి చెబితే, "గది ఫిట్టింగ్ చెల్లె," అనేవాడు.

షాపు మూలలో టర్న్‌టేబుల్ పక్కన కుర్చీలో రాజనర్సయ్య కూర్చుని ఉండేవాడు. అన్నకు కత్తెర పట్టడం నేర్పిన ఉస్తాద్ ఆయనే. ఎనభై ఏళ్లు. టర్న్‌టేబులూ రికార్డూ ఆయనవే, తన షాపు మూసేసినప్పుడు శిష్యుడికి ఇచ్చేశాడు. చెవి మిషన్ను చెవిలో కాకుండా చొక్కా జేబులో పెట్టుకుంటాడు. రోజూ వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని పోతాడు.

ఆయన భార్య మంగవ్వ టిఫిన్ తెచ్చినప్పుడల్లా నాతో మొత్తుకునేది. "డాక్టర్ చెప్పిండు బిడ్డ, గది పెట్టుకోకపోతె ముసలాయన ఇగ మాటలే మర్చిపోతడట. ముందుగాల సుత నా మాట వినకపోతుండె. ఇప్పుడైతె చెవుడని సాకు దొరికింది."

నవ్వుతూనే అనేది కానీ, ఆమె భయం నాకు అర్థమయ్యేది. గురువుగారు అలా మూగబోతుంటే శిష్యుడు సూదులతో ఆడుకుంటున్నాడేమిటని అన్న మీద కోపమూ వచ్చేది.

ఒకసారి పంజాగుట్టలో నరేందర్ ఆడియో షాపుకు నన్ను కూడా లాక్కుపోయాడు.

"గిది జపాన్‌ది అన్నా. డిటైల్ చూడు. ఆమె ఊపిరి తీసుకునుడు సుత వినవడ్తది," అన్నాడు నరేందర్.

అన్న కళ్లు మూసుకుని విన్నాడు. "ఊపిరేంది భాయ్, ఆమె పండ్లెన్నున్నయో లెక్కవెట్టొచ్చు. నాకు పండ్లొద్దు. పాట గావాలె."

"ఎనిమిది పెట్టెల మీద సుద్ద గీసి వాపస్ తెచ్చినవ్. గవి ఎవనికి అమ్మాలె నేను?" అంటూ నరేందర్ బల్ల కింద వెతికి, దుమ్ముపట్టిన పెట్టె ఒకటి తీశాడు. "గిది మొన గుండ్రంగుండే సూది. పాత మోడల్, డిటైల్ తక్కువుంటదని ఎవరూ అడగరు. తొమ్మిదోది, ఆఖరిది. గిది సుత వాపస్ తెస్తే నిన్ను చూడంగనే షట్టర్ దించుకుంట."

మర్నాడు మధ్యాహ్నం దాన్ని బిగించి నన్ను కూర్చోబెట్టాడు. పదకొండు సెకన్లు. అయిదు 'స'లూ మెత్తగా జారిపోయాయి.

"ఏం గుచ్చలేదన్నా."

"మూడో చోట?"

"అక్కడా లేదు."

"మల్ల వినుర్రి మేడం." ఆయనకు కంగారొస్తే నాకు గౌరవం పెరుగుతుంది. మళ్లీ విన్నాను, లేదన్నాను. అప్పుడు అన్న లేచి ఉస్తాద్ దగ్గరికి పోయి, ఆయన జేబులోంచి చెవి మిషన్ తీసి తుడిచాడు.

"ఆయన కోసమా ఇదంతా?" అన్నాను. "మరి మొదటే ఆయనకు వినిపించొచ్చు కదా."

"వినిపించిన చెల్లె, మిషన్ కొత్తగ తెచ్చినప్పుడు. పాత సూది. ప్రతి 'స' మిషన్ల వడి చెవుల పొడిచిందట. పీకి జేబుల ఏసుకుండు. మల్ల పెట్టుకోలే. ఇంకోసారి గుచ్చితె నన్ను ఇగ నమ్మడు."

"అందుకని ఏడాదిన్నర నా చెవుల్లో గుచ్చావా?"

"పిన్నులున్న బట్ట గిరాకి ఒంటిమీద ఎయ్యద్దు, ముందుగాల మన ఒంటిమీద చూస్కోవాలె. ఆయన నేర్పిందే," అన్నాడు. 'మన' అన్నాడు కాబట్టి స్టూలు ఉస్తాద్ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను.

మిషన్ చెవిలో పెడుతుంటే ఉస్తాద్ మొహం చిట్లించాడు. సూది రికార్డు మీద దిగింది. మొదటి 'స' దగ్గర ఆయన చెయ్యి చెవి వైపు లేచింది. అప్పుడే టిఫిన్ తెచ్చిన మంగవ్వ మూత పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రెండోది, మూడోది. చెయ్యి సగంలో ఆగి, మెల్లగా మోకాలి మీదికి దిగింది. అయిదోది కాగానే అన్న అలవాటుకొద్దీ సూది ఎత్తబోయాడు. ఉస్తాద్ ఆ చేతి మీద ఒక్కటి వేశాడు.

పన్నెండో సెకను నేను మొదటిసారి విన్నాను. ఆ పాదం తరువాత వేణువు వస్తుంది. పాట సాగినంతసేపూ ఉస్తాద్ కుడికాలు కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు నేల మీద ఆడుతూనే ఉంది. నాకు చాలా సంతోషమేసింది, అన్న మీద కోపమంతా పోయింది.

పాట అయిపోయింది. ఉస్తాద్ కళ్లు తెరిచి అందరినీ చూసి, నా దగ్గర చూపు ఆపాడు.

"బిడ్డా, జర చెయ్యి లేపు."

లేపాను.

"గీ కోటు ఎవడు కుట్టిండు?"

శ్యాంసుందరన్న ఒక అడుగు వెనక్కి వేశాడు.

"సంకల్ల పట్టేసింది," అన్నాడు ఉస్తాద్.

ఇన్నాళ్లూ నేను చెప్పిందీ అదే. ఈసారి మాత్రం అన్న ఫిట్టింగ్ అనలేదు. పెద్ద బిరుదేదో అందుకున్నవాడిలా చెవుల దాకా నవ్వుతూ, "అవును ఉస్తాద్," అని నా బ్లేజర్ విప్పించుకుని కుట్లు ఊడదీయడానికి కూర్చున్నాడు.