బావ టాక్సీకి నేను చేసిన ఉపకారం

మొన్న కారు సర్వీసింగుకి ఇస్తే, కౌంటరు దగ్గరున్న అమ్మాయి ఒక కాగితం నా ముందు పెట్టి, ఇంజిన్ లోపల కడగడం, నూనెలో ఏదో మందు కలపడం, ఇంకా నాకు నోరు తిరగని రెండు మూడు ట్రీట్‌మెంట్లు చూపించి, చాలామంది చేయించుకుంటున్నారండీ, ఇంజిన్‌కి మంచిది అంది. తప్పనిసరా అని అడిగితే కాదండీ, మీ ఇష్టం అంది. నూనె మార్చండి, ఫిల్టరు మార్చండి, ఇంకేమీ ముట్టుకోవద్దని కాస్త కటువుగానే చెప్పాను. పాపం, ఆ పిల్ల మొహం చిన్నబోయింది. నా కోపం ఆమె మీద కాదు, నా మీద నాకే. ఒకప్పుడు నేను చేసిన పనికి నలభై ఏళ్ళు దాటినా ఆ కోపం తగ్గలేదు.

డెబ్బైల చివర్లో డిప్లొమా పట్టుకుని విశాఖపట్నంలో ఒక పెద్ద సర్వీస్ స్టేషన్‌లో చేరాను. నాకు పానా పట్టుకోవడం నేర్పింది మాత్రం దొండపర్తిలో చిన్న షెడ్డు నడిపే మా మేనమామ. అయినా ఒంటి మీదకి యూనిఫారం రాగానే ఆయన పని నాకు చులకనైపోయింది. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా పెద్దక్క భర్తకు, అంటే మా బావకు, ఒక పాత టాక్సీ ఉండేది. పెందుర్తి దగ్గర వాటాకొచ్చిన కాస్త పొలం అమ్మి కొన్నది. సింహాచలం కొండకి భక్తుల్ని తీసుకెళ్ళి తీసుకొచ్చేవాడు, ఇంటిల్లిపాదికీ అదే ఆధారం. హార్బరు వైపు నుంచి ఇనుప ఖనిజం ఎర్రదుమ్ము వచ్చి పడుతుంటే రోజుకి రెండుసార్లు దాన్ని తుడుచుకునేవాడు.

మా స్టేషన్‌కి కొత్తగా ఇంజిన్ కడిగే నూనె వచ్చింది. పాత నూనె తీసేసి, ఇది పోసి, పావుగంట ఇంజిన్ నడిపి వంపేస్తే లోపలి మడ్డంతా పోతుందనేవారు. బావ బండికి అది చేసి మెప్పు కొట్టేయాలని నాకు బుద్ధి పుట్టింది. మామయ్యకు చెబితే వెంటనే వద్దన్నాడు. "బాగా నడుస్తన్న ఇంజిన్ని కెలకడం ఏటికిరా? ఇన్నేళ్ళ మడ్డి ఒక్కపాలి కదిలితే ఎక్కడికెళ్ళి అడ్డం పడతాదో నీకేటి తెలుసు? టయానికి నూనె మార్చు, సాలు." నేను నవ్వేసి ఊరుకున్నాను. బావ జ్వరంతో పడుకున్న రోజున, నూనె మార్పించి తెస్తానని బండి తీసుకెళ్ళి ఆ పని కాస్తా చేసేశాను.

మూడోనాడు, జ్వరం తగ్గిన బావ నిండా మనుషులతో వెళ్తుంటే, సింహాచలం ఘాట్ రోడ్డు మీద ఇంజిన్ పట్టేసింది. మామయ్య షెడ్డుకి లాక్కొచ్చి విప్పాం. కరిగి కదిలిన మడ్డి నూనె పీల్చే జాలీకి అట్టకట్టేసి ఉంది. నూనె అందక బేరింగులు, క్రాంకు అన్నీ పోయాయి. పక్కన నిలబడి బావ, ఏటయింది మావా, ఏటయింది అని అడుగుతున్నాడు. నేనే చెబుతానేమోనని మామయ్య నా వంక చూశాడు. నేను వంగి ఆ జాలీని గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాను. చివరికి ఆయనే, "పాత బండి కదా, దాని పని అయిపోనాది" అన్నాడు. బావ నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు సూసుకోబట్టే ఇన్నాళ్ళు నడిసింది బామ్మర్దీ" అన్నాడు. చెంప పగలగొట్టినా అంత బాధ ఉండేది కాదు.

బావ మళ్ళీ బండి కొనలేకపోయాడు. స్టీల్ ప్లాంటు కడుతున్న ఆ రోజుల్లో ఎవరిదో లారీ తోలుతూ, ఎవరెవరి చేతో మాటలు పడుతూ బతుకు వెళ్ళదీశాడు. నేను ప్రతి ఆదివారం వాళ్ళింట్లోనే భోంచేసేవాణ్ణి. ఇంకో ముక్క ఎయ్యమంటావేట్రా అని అక్క చేపల పులుసు గిన్నె పట్టుకుని నిలబడితే తల ఎత్తేవాణ్ణి కాదు. ఈవేళ చెప్పేద్దాం అనుకుంటూనే చెయ్యి కడుక్కునేవాణ్ణి. అలాగే ఏళ్ళు గడిచాయి. మామయ్య పోయాడు, తర్వాత బావా పోయాడు.

ఇప్పుడు బండి ఇచ్చేదెవరో, దాన్ని విప్పేదెవరో ఒకరికొకరు తెలియదు. రేపు నా ఇంజిన్ పోయినా కౌంటరులో అమ్మాయికి ఆ కబురే అందదు, ఒక రకంగా అదృష్టవంతురాలు. మన రోజుల్లో అలా కాదు కదా, పాడుచేసినవాడు ఆ ఇంటికే వెళ్ళి, వాళ్ళ ఎదురుగానే కూర్చుని, వాళ్ళు పెట్టిన అన్నమే తినాల్సి వచ్చేది. తప్పు ఒప్పుకోవడానికి దేవుడు నాకు అన్ని ఆదివారాలు ఇచ్చాడు. ఒక్కటీ వాడుకోలేదు.