పిస్టన్లు కోయించిన మావయ్య

మా పక్కింటి మావయ్య గత గురువారం ఉదయం అవనిగడ్డలో కాలధర్మం చేశారని పాఠకులకు విచారంతో తెలియజేయడమైనది. ఆయనతో నాకు రక్తసంబంధం లేదు. ఆ లోపాన్ని ఆయన ఎన్నడూ గుర్తించలేదు.

ఆయన ఆస్తిలో ముఖ్యమైనది రెండు సీట్ల పాత విలాయతీ స్పోర్ట్స్ కారు. ఇంజను పట్టేసిన స్థితిలో ఏదో ఎస్టేటు వేలంలో కొన్నారు. అది రైలును దాటగలదని ఆయన వాదన. మా రోడ్లు ఆ వాదనను విచారణకు స్వీకరించలేదు. ఏళ్ళ తరబడి మద్రాసు నుంచి ఒక్కో భాగమే తెప్పించి ఇంజనును తిరిగి కట్టారు. కొత్త భాగాన్ని ముట్టుకునే ముందు, అన్నానికి కూర్చునేవారిలా చేతులు కడుక్కునేవారు.

"ఈసారి నిన్ను బందరు దాకా తీసుకెళ్తాను చూడు," అనేవారు అత్తయ్యతో.

"ముందు వీధి చివరిదాకా రానీండి," అనేవారు అత్తయ్య.

ఆ ఏడు ఊరి మీద పడ్డ ఉప్పెనలో కారు మునిగింది. దూలానికి గొలుసుతో వేలాడుతున్న ఇంజను మునగలేదు. మా మంచినీళ్ళ చెరువు మాత్రం ఉప్పుకషాయమైంది. వేసవికి కాలువలో నీళ్ళు ఆపి కట్టేసేలోగా ఆ నీరు తోడి కొత్త నీరు పెట్టుకోకపోతే వేసవంతా ఊరికి చుక్క ఉండదు. మోటార్లు బురదలో, కరెంటు స్తంభాలు పొలాల్లో ఉన్నాయి. పెట్రోలు దొరకదు. సహాయ శిబిరంలో కిరసనాయిలు ఉంది.

మావయ్య ఇంజను దించారు. పెట్రోలుకు కట్టిన ఇంజను కిరసనాయిలు మీద నడవాలంటే కంప్రెషను, అంటే లోపలి ఒత్తిడి, తగ్గించాలి. అందుకు పిస్టన్ల తలలు కోయాలి. బందరులో లేతు మిషను నడిపే సాయిబుగారు వాటిని చేతిలోకి తీసుకుని తటపటాయించారు.

"ఇంత సొగసైన సరుకు కొయ్యమంటారేంటండీ? ఇక మీ కారు పరుగెత్తదు."

"పరుగెత్తి ఎక్కడికెళ్ళాలి భాయ్, నీళ్ళు లేని ఊరికా? కొయ్యండి."

వెంట వెళ్ళిన నేను చూశాను: లేతు తిరుగుతున్నంతసేపూ ఆయన వీధి వైపు తిరిగి నిలబడ్డారు.

చెరువు గట్టు మీద ఇంజనుకు పంపు తగిలించారు. దాని మోత విని పంచాయతీ ప్రెసిడెంటుగారు, "ఇది రేసు ఇంజనా, పిండిమరా బావగారూ?" అన్నారు.

"ప్రస్తుతం డెప్యుటేషన్ మీద ఉందండీ," అన్నారు మావయ్య.

చెరువు అడుగు కనిపించాక అదే పంపుతో కాలువ నీరు ఎక్కించారు. కాలువ కట్టేసే ముందురోజు చెరువు నిండింది. అత్తయ్య దోసిట పట్టి తాగి, "తియ్యగా ఉన్నాయండీ," అన్నారు. ఆ వేసవి ఆ నీళ్ళు తాగి బతికినవారిలో నేనొకణ్ణి. ఈ నివేదికకు అంతకుమించిన అర్హత నాకు లేదు.

కిరసనాయిలు మీద నడిచే ఇంజనును ఆపేముందు కాసేపు పెట్రోలు తాగించాలి; లేదంటే మళ్ళీ అంటుకోదు. మావయ్య సంచిలోంచి సీసా తీశారు. బందరు ప్రయాణానికని దాచుకున్న పెట్రోలు అది. పోయగానే పిండిమర మోత పోయి, ఇంజను తేటగా గొంతెత్తింది. ఎవరో కారులో వస్తున్నారనుకుని గట్టు మీద జనమంతా రోడ్డు వైపు తిరిగారు.

సీసా ఖాళీ అయ్యేదాకా మావయ్య ఆపలేదు.