ఇద్దరికీ సమాన దూరం

పెళ్ళయిన రెండేళ్ళ నాలుగు నెలలకి మా ఇద్దరికీ ఒకే రాష్ట్రంలో ఉద్యోగాలు దొరికాయి. అప్పటిదాకా నేను న్యూజెర్సీలో ఐసెలిన్ పక్కన, మా ఆయన టెక్సస్‌లో, ఫోర్ట్‌వర్త్‌కి దక్షిణాన. నాకు ఫ్రిస్కోలో ఉద్యోగం వచ్చిందనగానే అందరూ "ఇంకేం, ఇద్దరూ డాలస్సే" అని అభినందించారు. డాలస్ అనేది ఒక ఊరు కాదని, వరసగా ఉన్న పాతిక ఊళ్ళ ఇంటిపేరని నాకు తర్వాత తెలిసింది. మా ఆయన ఆఫీసుకీ నా ఆఫీసుకీ మధ్య యాభై మైళ్ళ పైమాటే. విజయవాడ నుంచి ఏలూరు అంతకంటే దగ్గర.

ఇద్దరిలో ఒకరు ఉద్యోగం మారొచ్చు కదా అన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళందరూ సిటిజన్లు. మా వీసా కాగితాల్లో ఆఫీసు అడ్రసు కూడా ఉంటుంది, అది మారితే కాగితాలన్నీ మళ్ళీ మొదటి నుంచి. మేం మా ఇష్టానికి కదిలించగలిగింది ఇల్లు ఒక్కటే.

నా కోరిక పెద్దదేం కాదు. రోజుకి ఒక పూట ఇద్దరం ఒక బల్ల దగ్గర కూర్చుని వేడన్నం తినాలి. రెండేళ్ళపాటు నేను ఫోన్‌ని ఉప్పు డబ్బాకి ఆనించి, అందులో అతన్ని చూస్తూ తిన్నాను. అతను ఫోన్ ఎలా పెట్టుకునేవాడో గానీ నాకు గడ్డం నుంచి ముక్కు దాకానే కనబడేవాడు. పెళ్ళంటే ఇది కాదని నాకు గట్టి నమ్మకం.

ఇల్లు వెతకడం మొదలుపెట్టగానే మా ఆయన ఒక ఎక్సెల్ షీట్ తెరిచాడు. అతనిది వరంగల్, నాది గోదావరి జిల్లా. మాట తీరు వేరు గానీ మొహమాటంలో ఇద్దరం ఒక ఊరివాళ్ళమే.

"ఫ్రిస్కోలనే తీసుకుందాం. నీది కొత్త జాబ్. డ్రైవింగ్ నేను చేసుకుంట" అన్నాడు.

"వద్దు, నువ్వున్నచోటే ఉందాం. ఒకళ్ళ సామానైనా సర్దక్కర్లేదు" అన్నాను.

"నాకేం ఇబ్బంది లేదు."

"నాకు మాత్రం ఏం ఇబ్బంది?"

ఈ సంభాషణ ఫోన్‌లో పదిహేను రోజులు నడిచింది. దెబ్బలాడుకునే మొగుడూ పెళ్ళాలైతే దీన్ని పది నిమిషాల్లో తేల్చేసేవాళ్ళు. మేం ఒకరిమీద ఒకరం దయ చూపించుకుంటూ, ఎవరి దయ పెద్దదో తేలక అక్కడే ఆగిపోయాం. చివరికి షీటే తీర్పు చెప్పింది: మధ్యలో తీసుకోండి. మధ్యలో ఇర్వింగ్ ఉంది.

ఇర్వింగ్ గురించి స్నేహితుల్ని అడిగితే, అందరూ ఫ్రిస్కో గురించి చెప్పారు. అక్కడ స్కూళ్ళు బాగుంటాయట. మాకు పిల్లల్లేరు. ఒకాయన మాత్రం ఇర్వింగ్‌లో కరివేపాకుకి నడిచి వెళ్ళొచ్చన్నాడు. అది నిజమే. ఆరు వరసల రోడ్డు దాటితే చాలు.

నేను ఉద్యోగంలో చేరడానికి వారం ముందే వచ్చి దిగాను. అపార్ట్‌మెంట్ చూడ్డానికి వెళ్ళినప్పుడు మా ఆయన గుమ్మం ముందు నిలబడి, ఫోన్‌లో కంపాస్ పెట్టుకుని నాలుగు వైపులా తిరిగాడు. లీజింగ్ ఆఫీసు అమ్మాయి సిగ్నల్ దొరకడం లేదనుకుని వైఫై పాస్‌వర్డ్ చెప్పింది. తూర్పు గుమ్మం ఉన్నదే కావాలంటే, "పొద్దుటి ఎండ ఇష్టమా?" అని అడిగింది. అతను అవునన్నాడు. వాస్తు అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పేకంటే అదే సుఖం.

సంతకాలు పెట్టేముందు ఒక పరీక్ష పెట్టుకున్నాం. మంగళవారం పొద్దున్న ఏడున్నరకి ఆ అపార్ట్‌మెంట్ విజిటర్ పార్కింగ్ నుంచి ఇద్దరం ఒకేసారి బయల్దేరి, ఎవరి ఆఫీసుకి వాళ్ళం వెళ్ళి, ఎంతసేపు పట్టిందో చూసుకోవాలి. నాకు యాభై ఐదు నిమిషాలు పట్టింది. అందులో ఒక ఇరవై నిమిషాలు ముందున్న ట్రక్కు వెనక రాసున్న ఫోన్ నంబరు చదువుతూ గడిపాను. ఇప్పటికీ కంఠతా వచ్చు.

మధ్యాహ్నం అతను ఫోన్ చేశాడు. "ఎంత పట్టింది?"

నిజం చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. మర్నాడే ఫ్రిస్కోలో ఇల్లు తీసుకుని, ఆ యాభై మైళ్ళూ తనే నెత్తినేసుకుంటాడు. రోజూ రెండు పూటలా. ఆ తర్వాత నేను ఎవరితో కూర్చుని తినేది?

"ముప్ఫై ఐదు" అన్నాను. "నీకు?"

"నలభై. అంతే. రోడ్డు మంచిగనే ఉంది."

షీట్‌లో రెండు అంకెలూ వేశాడు. అయిదు నిమిషాల తేడా. ఇంత న్యాయమైన ఇల్లు డాలస్ మొత్తంలో మరొకటి ఉండదని సంతోషించి, పదమూడు నెలల లీజు మీద సంతకాలు పెట్టాం. మొహమాటానికి పోతే కడుపయిందని మావైపు ఒక మోటు సామెత ఉంది. మాకు అపార్ట్‌మెంట్ అయింది.

చేరిన మొదటి వారమే తెలిసింది, అబద్ధం చెప్పడం తేలికే గానీ దాని టైముకి ఆఫీసుకి చేరడం కష్టమని. ముప్ఫై ఐదు నిమిషాల దారికి గంట ముందు బయల్దేరాలంటే ఏదో ఒక కారణం కావాలి. హైదరాబాద్ టీమ్‌తో పొద్దున్నే కాల్ ఉందని చెప్పాను. విచిత్రంగా అతనికీ హైదరాబాద్‌తోనే కాల్స్ మొదలయ్యాయి. నాకంటే ముందే, ఆరుంబావుకే వెళ్ళిపోయేవాడు. సాయంత్రాలు ఇద్దరికీ మీటింగులు. మా మాటలు నమ్మితే, ఆ నాలుగు నెలలూ హైదరాబాద్‌లో ఎవరూ టీ తాగడానికి కూడా లేచి ఉండరు.

ముందొచ్చినవాళ్ళు వండేవాళ్ళం. ఆకలికి ఆగలేక తినేసేవాళ్ళం. రెండోవాళ్ళకి మైక్రోవేవ్. ఒకే ఇంట్లో ఉన్నాం కాబట్టి ఇప్పుడు ఫోన్‌లో కలిసి తినడం కూడా పోయింది. నాకు కోపం వచ్చేది. ఎవరి మీద చూపించాలో తెలియక కుక్కర్ మీద చూపించేదాన్ని.

నాకు ఇంకొక రహస్యం కూడా ఉంది. సాయంత్రం వచ్చాక నేరుగా పైకి వెళ్ళేదాన్ని కాదు. బిల్డింగ్ వెనక, చెత్త డబ్బాల పక్కన, మా కిటికీకి కనబడని చోట కారు ఆపేదాన్ని. సీటు వెనక్కి వాల్చి పావుగంట కళ్ళు మూసుకుని, వెట్ వైప్‌తో మొహం తుడుచుకుని, కాటుక సరిచేసుకుని అప్పుడు వెళ్ళేదాన్ని. ముప్ఫై ఐదు నిమిషాలు డ్రైవ్ చేసినామె మొహం ఎలా ఉండాలో అలా కనబడాలిగా మరి.

ఒక గురువారం నా చోట్లో ఎవరిదో సామాన్ల ట్రక్కు ఉంది. చుట్టూ తిరిగి బిల్డింగ్ అవతలి వైపుకి వెళ్ళాను. అక్కడ కూడా మా కిటికీ కనబడదు. ఏడు కావస్తోంది, ఇంకా వెలుగుంది. ఖాళీ చూసి ఆపి, ఇంజిన్ కట్టేశాక పక్కకి చూస్తే, రెండు ఖాళీ చోట్ల అవతల మా ఆయన కారు ఉంది. అందులో మా ఆయన ఉన్నాడు.

సీటు పూర్తిగా వాల్చుకుని, బూట్లు విప్పి, రెండు కాళ్ళూ స్టీరింగ్ పైకి ఎత్తి పెట్టుకుని పడుకున్నాడు. మొహం మీద తడి కర్చీఫ్. ఏమైనా అయిందేమోనని నా కారు తలుపు తీయబోయాను. అంతలో చెయ్యి కదిలింది. కర్చీఫ్ తీసి, ఫోన్ అందుకుని, బొటనవేళ్ళతో ఏదో కొట్టాడు. నా ఒళ్ళో ఫోన్ మోగింది.

"ఇంకా మీటింగ్‌లో ఉన్న. నువ్వు తినేసెయ్."

ఆ మెసేజ్ రెండుసార్లు చదివాను. రెండుసార్లూ తలెత్తి అతన్ని చూశాను. దిగి వెళ్ళి అద్దం మీద కొట్టాను. అతను ఉలిక్కిపడి లేవబోతే మోకాలు తగిలి హారన్ మోగింది. అద్దం దించాడు.

"ఎంతసేపు పడుతోంది?" అన్నాను.

"ఏంది?"

"ఆఫీసు. నిజం చెప్పు."

కాసేపు బూట్లు వెతుక్కున్నాడు. "గంటా పది. వానొస్తే గంటన్నర" అన్నాడు. "నీది?"

"యాభై ఐదు."

"ముప్ఫై ఐదు అన్నవ్ గద?"

"నువ్వు నలభై అన్నావు."

"నిజం చెప్తే నువ్వు ఫోర్ట్‌వర్త్‌ల ఉందామంటవని."

"నువ్వు ఫ్రిస్కో అంటావని."

అప్పుడు దెబ్బలాడుకున్నాం. పెళ్ళయ్యాక అదే మొదటిది. రెండేళ్ళు శుక్రవారం ఎయిర్‌పోర్ట్‌లో దిగి ఆదివారం ఎక్కేసే సంసారంలో దెబ్బలాటకి చోటుండదు, ఇద్దరూ మొహాలు కడుక్కునే వస్తారు. పార్కింగ్‌లో కుక్కని తిప్పుతున్న ఒకామె మమ్మల్ని చూసి దారి మార్చుకుంది. నేను గట్టిగానే అరిచాను. అరుస్తూనే ఏడ్చాను. దూరానికి కాదు. నాలుగు నెలలుగా ఇద్దరం ఇంటి దాకా వచ్చి, నేను ఈ గోడ వెనకా, అతను ఆ గోడ వెనకా కళ్ళు మూసుకుని, పైన ఖాళీగా ఉన్న ఇంట్లో దీపం వెయ్యకుండా కూర్చున్నందుకు. అతనికి బూటు ఒకటే దొరికింది, అది చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

ఇల్లు ఎక్కడికి మార్చాలన్నది ఇంకా తేలలేదు. లీజుకి తొమ్మిది నెలలుంది, ఈసారి మర్యాద లేకుండా వాదించుకుంటున్నాం.

ఆ గొడవ మర్నాడు, శుక్రవారం, నేను నేరుగా పైకి వెళ్ళి అన్నం వండాను. ఏడింటికి తలుపు తీస్తే అతను నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా, చొక్కా నలిగి, నుదుటి మీద గీతలు పడి. ఆ మొహాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఏమంత బాగాలేదు, ఆ మాటే అన్నాను.

"నీది కూడా గట్లనే ఉంది" అన్నాడు.

లోపలికి రమ్మన్నాను.